సున్నిపిండి రోజూ పట్టిస్తున్నా ముఖం నల్లబడుతోంది. ఏది ఆపాలి, ఏది ఉంచుకోవాలి?

స్కూటీ టీచర్:

అందరికీ నమస్కారం. ఖమ్మంలో ఉంటాను, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పొద్దున స్కూటీ మీద వెళ్తే మళ్ళీ మధ్యాహ్నం మూడున్నర ఎండలో తిరిగి రావడం. వేసవి నుంచి బుగ్గ ఎముకల మీద, నుదుటి మీద గోధుమరంగు నలుపు తేలింది, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, మొత్తానికి ముఖంలో కళ పోయింది. తెల్లబడాలని నాకేమీ లేదండీ, నాది చామనఛాయ, అదంటే నాకిష్టమే. ముఖమంతా ఒకే రంగులో ఉండి కాస్త నునుపుగా ఉంటే చాలు.

సబ్బు మానేశాను. మా పెద్దమ్మ పట్టించి పంపిన సున్నిపిండి వాడుతున్నాను. అందులో పెసలు, శనగపప్పు, బియ్యం, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండబెట్టిన నిమ్మతొక్కలు, గులాబీ రేకులు, కస్తూరి పసుపు ఉన్నాయి. పొద్దున్నే పెరుగులో కలిపి ముఖానికి పట్టించి, ఆరి బిగుసుకున్నాక తడిచేత్తో బాగా రుద్ది కడిగేసి స్కూలుకి బయలుదేరతాను. ఇంత చేస్తున్నా తగ్గకపోగా ఇంకా పెరుగుతున్నట్టుంది. స్టాఫ్‌రూంలో ఒకరు నిమ్మచెక్క మీద పంచదార వేసి రుద్దమంటున్నారు, ఇంకొకరు ఒక క్రీము పేరు రాసిచ్చారు, వారంలో తేడా తెలుస్తుందట. నాకు ఇంట్లో దొరికేవాటితోనే బాగుపడాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కృష్ణా తీరం:

ముందు ఆ నిమ్మచెక్క ఆలోచన మానుకోండి అమ్మా. ముఖం మీద పంచదార పలుకులతో రుద్దడం ఏ కాలంలోనూ మన ఇళ్ళలో లేదు.

రెండోది, నలుగు పెట్టుకునే పద్ధతి మీరు చేస్తున్నట్టు కాదు. ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించి కాసేపు నానాక, ఆ నూనె వదలడానికి నలుగు. పిండి నూనెని పీల్చుకుంటుంది, నూనె ఉంది కాబట్టి పిండి చర్మాన్ని గీరదు. రెండూ కలిస్తేనే అది నలుగు. నూనె లేకుండా పొడి ముఖానికి రోజూ పట్టించి, బిగుసుకుపోయేదాకా ఉంచి, ఎండిన పిండిని రుద్ది తీయడం వేరే సంగతి. పండక్కో, తలంటు రోజునో చేసేదాన్ని రోజూ చేస్తే చర్మం తట్టుకోదు, మీ ముక్కు పక్కన పొట్టు లేస్తున్నది అందుకే.

ఇంకో మాట, పిండి ఎంత మెత్తగా ఉందో చూసుకోండి. ఇప్పుడు మిల్లులో ఒకసారి ఆడించి డబ్బాలో పోసేస్తున్నారు. రెండు వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా తగులుతోందంటే అది ఒంటికి పరవాలేదు గానీ ముఖానికి వద్దు. మా ఇంట్లో పలచటి నూలు గుడ్డలో వేసి వస్త్రగాళితం పడతాం, పైన మిగిలిన ముతక పిండి కాళ్ళకీ మోచేతులకీ వాడతాం.

మందుల కొట్టు:

నేను ఫార్మసిస్టుని. పైన చెప్పినవి నిజమే గానీ ఈ ప్రశ్నలో అసలు విషయం వేరే ఉందండీ. మీరు రాసిన జాబితాలో నాలుగో పేరు మళ్ళీ చూడండి: బావంచాలు.

బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే, మామూలు ఎండకి కందని చర్మం కూడా కందుతుంది, తర్వాత నల్లబడుతుంది. బొల్లి మచ్చలకి ఆయుర్వేదంలో బావంచాల లేపనం రాసి ఎండ పట్టించేది సరిగ్గా ఇందుకే, తెల్లమచ్చలో రంగు రప్పించడానికి. చర్మ డాక్టర్లు సొరాలెన్ మందు ఇచ్చి, తర్వాత అతినీలలోహిత కిరణాలు పట్టించే చికిత్స కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. అంటే రంగు పెంచే మందుని రోజూ పొద్దున ముఖానికి పట్టించుకుని ఎండలోకి వెళ్తున్నారు. వేసవిలో మొదలైందని, బుగ్గ ఎముకలూ నుదురూ అని మీరే రాశారు, ఎండ నేరుగా పడేది అక్కడే. నా మాట వింటే ముందు ఆపాల్సింది ఆ పిండే.

నిమ్మకాయదీ ఇదే కథ. నిమ్మతొక్కలో, రసంలో కూడా అదే జాతి పదార్థాలు ఉంటాయి. ఎండలో నిమ్మకాయలు పిండినవాళ్ళకి చేతుల మీద ధారల్లా నల్లటి చారలు పడటం చర్మ డాక్టర్లకి బాగా తెలిసిన విషయం. పైగా నిమ్మరసం ఆమ్లత్వం పీహెచ్‌లో 2 దగ్గర ఉంటుంది, మన చర్మం 5 దగ్గర ఉంటుంది, ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు ఎక్కువన్నమాట. మంట పుడుతోందంటే పనిచేస్తోందని అనుకుంటారు చాలామంది, అది చర్మం దెబ్బతింటున్న మంట. వంటసోడా కూడా వద్దు, అది దీనికి ఎదురు, క్షారం వైపు.

ఇక ఆ క్రీము. దాని డబ్బా మీద సన్న అక్షరాల్లో మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లువోసినోలోన్, ఇలాంటి పేరు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. వారంలో తేడా వచ్చేది దానివల్లే. ఆ తర్వాత చర్మం పలచబడటం, ఎర్రటి సన్న నరాలు తేలడం, మొటిమలు, నూగు వెంట్రుకలు, మానేస్తే ముఖమంతా మంట. 2018లో ఇలాంటి పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అయినా పేరు చెప్పి అడిగి కొనుక్కుని నెలల తరబడి రాసుకునేవాళ్ళని రోజూ చూస్తాను, నాకు నిజంగా బాధేస్తుంది. పేరే లేని డబ్బా, లోపల ఏముందో రాయని క్రీము అయితే ఇంకా ప్రమాదం, తెల్లబరిచే క్రీముల్లో పాదరసం బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

గోంగూర పువ్వు:

బావంచాల గురించి ఇలా భయపెట్టడం బాగాలేదండీ. మా నాయనమ్మ, వాళ్ళమ్మ అందరూ సున్నిపిండిలో బావంచాలు వేసేవాళ్ళు, ఎవరికీ ఏ మచ్చా రాలేదు. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలే బకుచియాల్ అని అదే గింజ నుంచి తీసి సీరం సీసాల్లో అమ్ముతున్నాయి కదా, అదెలా మంచిదైంది?

మందుల కొట్టు:

మంచి ప్రశ్న వేశారు. బకుచియాల్ ఆ గింజలోదే, కానీ సొరాలెన్ వేరు, బకుచియాల్ వేరు. శుద్ధి చేసిన బకుచియాల్‌తో ఎండకి ఈ గొడవ ఉండదు. గింజని గింజలాగే పొడి కొడితే రెండూ వస్తాయి.

నాయనమ్మల సంగతికొస్తే, వాళ్ళు అన్ని దినుసుల మధ్య కొద్దిగా వేసేవాళ్ళు, నూనె మీద పెట్టి వెంటనే నీళ్ళతో కడిగేసేవాళ్ళు, అదీ ఎప్పుడో ఒకసారి. ఈవిడ రోజూ ముఖానికి పెట్టి ఆరేదాకా ఉంచి, అరగంటలో స్కూటీ ఎక్కుతున్నారు. వాడే తీరు మారిందండీ, గింజ మంచిదా చెడ్డదా అని కాదు నేను చెప్తున్నది.

స్కూటీ టీచర్:

అయ్యో, ఇది ఎవరూ చెప్పలేదండీ. పిండి ఈరోజే పక్కన పెట్టేశాను. క్రీము డబ్బా ఫోటో తెప్పించి చూశాను, మొమెటసోన్ అని ఉంది, కొనను. మరి ఇప్పుడు ముఖం దేంతో కడుక్కోవాలి? మాకు బోరు నీళ్ళు, సబ్బు సరిగ్గా నురగ రాదు, కడిగాక ముఖం బిర్రబిగుసుకుపోతుంది. సన్‌స్క్రీన్ అంటే మళ్ళీ కెమికల్ కదా అని ఇన్నాళ్ళూ దూరంగా ఉన్నాను. కస్తూరి పసుపు ఒక్కటీ వాడుకోవచ్చా?

చికాగో చలి:

బోరు నీళ్ళ గురించి నేను చెప్తాను, మాది ప్రకాశం జిల్లా, అక్కడి ఉప్పునీళ్ళతోనే పెరిగాను, ఇక్కడికొచ్చాక చలికి, హీటర్ గాలికి చర్మం పొలుసులు లేచేది. రెండు చోట్లా పనికొచ్చింది ఒకటే: కడగడం తగ్గించి, కడిగిన వెంటనే తడి మీద ఏదో ఒకటి రాయడం. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి జిగురు తెట్టులా చర్మం మీద మిగిలిపోతుంది, ఆ బిగువు దానివల్లే. ముఖానికి మాత్రం సబ్బు కాకుండా, తక్కువ నురగ వచ్చే మైల్డ్ ఫేస్‌వాష్ ఏదైనా రాత్రి ఒక్కసారి చాలు. పొద్దున ఉత్త నీళ్ళు. తాగే మంచినీళ్ళు ఒక చెంబుడు పక్కన పెట్టుకుని చివరగా దాంతో కడుక్కోండి, తేడా మీకే తెలుస్తుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తేమ ఆరకముందే రాయాలి, గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ అయినా సరే.

కొబ్బరినూనె చేతులకీ కాళ్ళకీ బ్రహ్మాండం. ముఖానికి మాత్రం మొటిమలొచ్చే తత్వం ఉంటే వద్దు, రంధ్రాలు పూడుకుపోతాయి. కలబంద రాసుకునేవాళ్ళకి ఒక మాట: మట్ట కోయగానే పచ్చటి చేదు జిగురు కారుతుంది, అది దురద పెడుతుంది. కోసిన మట్టని నిలబెట్టి ఆ పసుపు రసం అంతా కారిపోయాక కడిగి, లోపలి గాజులాంటి గుజ్జు మాత్రమే తీసుకోవాలి.

మూలికల అంగడి:

మాది వనమూలికల కొట్టు, కస్తూరి పసుపు అడిగారు కాబట్టి చెప్తున్నా. బజారులో కస్తూరి పసుపు పేరుతో ఎక్కువగా అమ్మేది కచ్చూరం లాంటి వేరే దుంప, లేదంటే మామూలు పసుపే. అసలు కస్తూరి పసుపు దుంప విరిస్తే లోపల లేత రంగులో ఉంటుంది, కర్పూరం లాంటి వాసన వస్తుంది, పొడి ముఖానికి పట్టిస్తే పచ్చగా అంటుకోదు. పొడి ధగధగా పచ్చగా ఉందంటే అది కస్తూరి పసుపు కాదు. కూరల్లో వేసే పసుపు ప్యాకెట్ పొడిని ముఖానికి వాడకండి, రంగు కలిపిన సరుకు చాలా తిరుగుతోంది. దుంప కొని, ఇంట్లోనే దంచుకోండి. ఏ పొడైనా సరే, ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూశాకే ముఖానికి.

మందుల కొట్టు:

సన్‌స్క్రీన్ మాట దాటవేయకండి, మీకు అన్నిటికంటే అవసరమైంది అదే. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, చిన్నప్పుడు చెమటకాయలకి రాసిన గులాబీరంగు క్యాలమైన్ లోషన్‌లో ఉండేదీ జింక్ ఆక్సైడే. ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, ఎండకి కందించే కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, కాకపోతే బొట్టంత రాస్తే లాభం లేదు, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. లేత గోధుమరంగు కలిపినవి దొరుకుతాయి, వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, మంగు మచ్చలకి అవి ఇంకా మేలు, ఎందుకంటే మన చర్మానికి మామూలు వెలుతురుతో కూడా మంగు ముదురుతుంది. మూడున్నరకి బయలుదేరేముందు మళ్ళీ రాయండి, పొద్దున రాసింది అప్పటికి ఉండదు. పైన హెల్మెట్, ముఖానికి నూలు చున్నీ.

మచ్చలు మీవి మంగు అయ్యే అవకాశం కూడా ఉంది. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు, ఇంట్లో అమ్మకి ఉన్నప్పుడు వస్తుంది, ఎండకి, రుద్దుడుకి పెరుగుతుంది. ఇవన్నీ పాటించి రెండు మూడు నెలలు ఓపిక పట్టండి, పై పొర మారడానికే నెల పడుతుంది, లోపలి నలుపు ఇంకా నిదానం. అప్పటికీ తగ్గకపోతే చర్మ డాక్టర్ని ఒక్కసారి కలవండి. ఈలోపు మచ్చ మీద మంటగానీ, పొక్కులుగానీ వస్తే ఆగకుండా వెళ్ళండి.

కృష్ణా తీరం:

కళ పోయింది అన్నారు కాబట్టి అడుగుతున్నా, రక్తం చూపించుకున్నారా? మెట్లెక్కితే ఆయాసం, కింది కనురెప్ప లోపల పాలిపోవడం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వం చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 లెక్క. అలాంటప్పుడు ముఖానికి ఏం పూసినా పాలిపోయినట్టే ఉంటుంది. తోటకూర, రాగిజావ, నువ్వుల ఉండలు తినండి, మాంసం తినేవాళ్ళయితే కార్జం. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, తిన్న ఇనుము ఒంటికి పట్టనివ్వదు. ఆ నిమ్మకాయ పప్పులోనో ఆకుకూరలోనో పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది.

సున్నిపిండి మీద ఆశ వదులుకోకండి. మళ్ళీ పట్టించుకునేటప్పుడు ఇలా చేయండి: కిలో పెసలు, పావుకిలో శనగపప్పు, గుప్పెడు బియ్యం, వట్టివేళ్ళు కొన్ని, నీడన ఎండిన గులాబీ రేకులు. బావంచాలు, నిమ్మతొక్కలు, నారింజ తొక్కలు వద్దు. కారం ఆడించిన మర మీద ఆడించకండి, ముందు ఎవరిదో బియ్యం ఆడాక మీది పోయమనండి. ఆదివారం సాయంత్రం, ఇక ఎండలోకి వెళ్ళే పని లేనప్పుడు, ఒంటికి నూనె పట్టించాక వాడండి. ముఖానికైతే చెంచాడు పిండిని పాలల్లో జారుగా కలిపి, ఆరనివ్వకుండా, వేళ్ళతో తేలిగ్గా తిప్పి కడిగేయండి. డబ్బాలో తడి చెయ్యి పెట్టకండి, పురుగు పడుతుంది.