స్పేస్ సెటిల్‌మెంట్ డిజైన్ పోటీకి పిల్లల్ని పంపినవాళ్లు ఉన్నారా?

కూకట్‌పల్లి_అమ్మ:
మా పాప పదో తరగతి. స్కూల్లో పన్నెండు మంది కలిసి టీమ్ కట్టారు. ఇంటర్నేషనల్ స్పేస్ సెటిల్‌మెంట్ డిజైన్ కాంపిటీషన్ అట. అంతరిక్షంలో వేలమంది బతికే ఊరికి ప్లాన్ వేయాలట. మెంటర్ కావాలని మా మీద పడ్డారు. మేమిద్దరం సాఫ్ట్‌వేర్, మాకు రాకెట్ అంటే టీవీలో శ్రీహరికోటే. మా ఆయనైతే బోర్డు పరీక్షల ఏడాది ఈ గోలేంటి అంటున్నారు. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి.

టోరస్_తమ్ముడు:
నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు వెళ్లాను ఆంటీ, ఆసియా రౌండ్‌కి, గుర్‌గావ్‌లో. ఇప్పుడు బీటెక్ మెకానికల్. కాస్త పెద్ద పోస్టు, తిట్టుకోకండి.

ముందు స్కూలు నుంచి ప్రపోజల్ పంపాలి. అది నెగ్గితే అసలు పోటీకి పిలుస్తారు. అక్కడ మన స్కూలు, మన టీమ్ అనేది ఉండదు. నాలుగైదు స్కూళ్ల పిల్లల్ని కలిపి ఒక 'కంపెనీ' చేసేస్తారు. మా కంపెనీ పేరు గ్రంబో ఏరోస్పేస్. అన్నీ ఇలాంటి ఉత్తుత్తి పేర్లే, కానీ పని మాత్రం ఉత్తుత్తిది కాదు. కస్టమర్ ఫలానా చోట, ఇంతమందికి ఊరు కావాలని ఒక ఆర్ఎఫ్‌పీ (ఏమేం కావాలో రాసిన పత్రం) చేతిలో పెడతాడు. స్ట్రక్చర్స్, ఆపరేషన్స్, హ్యూమన్ ఇంజనీరింగ్, ఆటోమేషన్ అని డిపార్ట్‌మెంట్లు. సీఈఓగా ఒక పెద్దాయన ఉంటారు, ఆయనే మెంటర్. డిజైన్ మాత్రం ఆయన చేయకూడదు.

నేను హ్యూమన్ ఇంజనీరింగ్. ఇళ్లు, పార్కులు, స్కూళ్లు మా పని. రాత్రి రెండింటికి స్ట్రక్చర్స్ వాళ్లు ఖర్చు ఎక్కువైందని, గిరగిరా తిరిగే చక్రంలా గీసిన మా ఊరి వ్యాసార్థాన్ని 900 మీటర్ల నుంచి 450కి కోసేశారు. మాకు చెప్పలేదు! మేం పాత లెక్క మీదే పార్కులు గీసుకుంటూ కూర్చున్నాం. తెల్లవారుజామున సీఈఓ గారు టీ కప్పు పట్టుకుని వచ్చి, మా గోడ మీది బొమ్మా వాళ్ల గోడ మీది బొమ్మా చూసి ఒకే మాట అన్నారు: "మీరిద్దరూ ఒకే ఊరు కడుతున్నారా?" అనేసి వెళ్లిపోయారు. ఆయనకి తప్పు కనపడింది, చెప్పేయొచ్చు. చెప్పలేదు. మాకు అర్థమయ్యేసరికి ఇంకో అరగంట పట్టింది. నేల సగమైపోయింది, పార్కులన్నీ గాలిలో కలిసిపోయాయి.

సైన్సు_మాష్టారు_గుంటూరు:
బాబూ, పార్కులొక్కటేనా పోయింది? చక్రం నిమిషానికి ఒక చుట్టే తిరిగితే 450 మీటర్ల దగ్గర బరువు కూడా సగమే కదా!

టోరస్_తమ్ముడు:
అదే మాష్టారూ!! ఆ స్లైడ్ మార్చడం మర్చిపోయాం. జడ్జి పట్టుకున్నారు. ఇంకెలా నెగ్గుతాం 😅

కూకట్‌పల్లి_అమ్మ:
ఈ బరువు, చుట్టు సంగతి కొంచెం విప్పి చెప్పరూ. ఇంటికొచ్చి పాప అడిగితే తెల్లమొహం వేస్తున్నాను.

సైన్సు_మాష్టారు_గుంటూరు:
అమ్మా, చెంబులో నీళ్లు పోసి చెయ్యి చాపి గిరగిరా తిప్పితే నీళ్లు ఒలకవు చూశారా, అదే సంగతి. ఊరిని పెద్ద చక్రంలా కట్టి తిప్పుతారు. లోపలి మనుషులు అంచువైపు అదుముకుంటారు, ఆ అంచే వాళ్లకి నేల. నిమిషానికి ఒక చుట్టుతో భూమి మీదున్నంత బరువు రావాలంటే వ్యాసార్థం దాదాపు 895 మీటర్లు. రెండు చుట్లు తిప్పితే 224 చాలు. మరి చిన్నగా కట్టి జోరుగా తిప్పొచ్చుగా అంటారు పిల్లలు. తిప్పొచ్చు, కానీ తల తిప్పినప్పుడల్లా కడుపులో దేవుతుంది. 1975లో నాసా వాళ్ల ఏమ్స్ పరిశోధన కేంద్రంలో వేసవి అధ్యయనంలో తేల్చిన స్టాన్‌ఫర్డ్ టోరస్ అనే చక్రం ఊరి ప్లాన్ అందుకే 1.8 కిలోమీటర్ల వ్యాసంతో, 10 వేల మందికి. పాపతో ముందు ఆ బొమ్మ చూడమనండి.

ఇంకో దారీ ఉంది. గుంపుతో పడలేని పిల్లలకి అదే మేలని నా అభిప్రాయం. 1994లో నాసా ఏమ్స్ వాళ్లు మొదలుపెట్టిన స్పేస్ సెటిల్‌మెంట్ కాంటెస్ట్‌ని ఇప్పుడు నేషనల్ స్పేస్ సొసైటీ నడుపుతోంది. ఒక్కరైనా రాయొచ్చు, పన్నెండో తరగతి దాకా. ఇంట్లో కూర్చుని నెలల తరబడి నిదానంగా రాసుకోవడమే, రాత్రంతా జాగారాలుండవు.

డాలస్_నాన్న:
ఇక్కడ మా వాడు అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్‌లో ఉన్నాడు. కాగితం ప్లాన్ కాదు, నిజం రాకెట్. లోపల పచ్చి కోడిగుడ్డు పెట్టి, చెప్పిన ఎత్తుకి పంపి, చెప్పినంత టైంలో దింపాలి. గుడ్డు పగిలితే ఆ ఫ్లైట్ పోయినట్టే. మొదటి నెల మా గ్యారేజీలో ఒకటే గుడ్డు వాసన. మా ఆవిడ రెండు నెలలు ఆమ్లెట్ మానేసింది.

ఒకసారి పారాషూట్ చుట్టడం చూసి ఆగలేక నేనే చేసిచ్చాను. తెరుచుకోలేదు. "నాన్నా, నువ్వు ముట్టుకోకు" అన్నాడు, అంతే. అప్పటినుంచి నా డ్యూటీ డ్రైవింగ్.

పేరు_వద్దు_22:
మీరంతా బాగా చెప్తున్నారు గానీ మా అనుభవం వేరు. మా అబ్బాయి చదివిన చోట (పేరు చెప్పను) ఒక పిల్లాడి తండ్రి ఇంజనీరు. మొత్తం ప్రపోజల్ ఆయనే రాసేశాడు. బొమ్మలు ఎవరికో డబ్బులిచ్చి వేయించారు. ఫీజు మాత్రం అందరి దగ్గరా వసూలు చేశారు, మా వాడికి దక్కిన పని స్పెల్లింగులు దిద్దడం! అడిగితే "సర్టిఫికెట్ వస్తుంది కదండీ" అన్నారు. ఇలాంటివి చూస్తే మండుతుంది. చేరేముందు ఎవరు ఏ పేజీ రాస్తారో అడగండి మేడమ్. ఎవరూ సూటిగా చెప్పకపోతే వదిలేయండి.

టోరస్_తమ్ముడు:
ఇది నిజమే. కానీ రెండో దశలో అలాంటివాళ్లు దొరికిపోతారు. అక్కడ నాన్నగారు పక్కన ఉండరుగా.

ఐఐటీకి పనికొస్తుందా అని అడగబోయే వాళ్లకి: జేఈఈలో ఒక్క మార్కు కూడా కలవదు. ఫైనల్ అమెరికాలో, ముందు హ్యూస్టన్‌లో జరిగేది, తర్వాత ఫ్లోరిడాకి మారింది. టికెట్లూ వీసా ఖర్చు చాలా అవుతుంది, ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

సైన్సు_మాష్టారు_గుంటూరు:
కూకట్‌పల్లి అమ్మగారూ, మీకు రాకెట్లు రావని దిగులొద్దు. మీరు ఇల్లు నడుపుతున్నారు, ఇల్లాలి ప్రశ్నలే అడగండి. తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఆ తేమ ఎటు పోతుంది? ఐఎస్ఎస్‌లో (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో) చెమట, మూత్రం కూడా వదలకుండా 98 శాతం నీళ్లు తిరిగి పట్టగలిగామని 2023లో నాసా చెప్పింది. అక్కడుండేది ఆరేడుగురు. వేలమంది ఉంటే? జవాబు మీరు చెప్పకండి, పాపనే వెతకనివ్వండి.

కూకట్‌పల్లి_అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న రాత్రి బట్టల ప్రశ్న అడిగాను. పాప ఏదో చెప్పబోతుంటే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "మరి చెత్త బండి ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఇద్దరూ పన్నెండున్నర దాకా వాదించుకున్నారు. పొద్దున లేచి చూస్తే డైనింగ్ టేబుల్ మీద ఆయన చేతిరాతతో ఒక చక్రం బొమ్మ. దాని మీద పాప ఎర్ర పెన్నుతో కొట్టేసి రాసింది: "డాడీ, టచ్ చేయొద్దు."