సమస్యాపూరణం: "మునుఁగ నొల్లకున్న పుణ్యమబ్బు"

నిర్వాహకుడు, తిరుపతి:
కార్తిక పున్నమికి కపిలతీర్థ ముక్కోటి, అక్కడి కోనేట్లో పుణ్యస్నానాల రోజు. ఆ సందర్భంగా ఈ ఆటవెలది సమస్య. విరోధంగా తోచే ఈ పాదం నాలుగోదిగా వచ్చి అర్థం కుదిరేలా తక్కిన మూడు పాదాలూ మీరు రాయాలి:

మునుఁగ నొల్లకున్న పుణ్యమబ్బు

మునుఁగ నగణం (మూడు లఘువులు), తక్కిన నాలుగూ హగణాలు (గురువు, లఘువు). ము-పు ముకారయతి ('ము'కు 'పు' లాంటివి సరిపోయే యతి), చెల్లుతుంది. అసలు జాగ్రత్త వ్యాకరణంలో ఉండాలి. 'ఒల్లకున్న' అంటే 'ఒల్లకపోతే' అనే, 'ఒల్లకపోయినా' అని కాదు. పూరణలు బెసికేది ఇక్కడే.

తిరుచానూరు సభ్యుడు:

తీర్థమాడి వచ్చి తిట్టుచు నొరులను
తిరుగువాని కేమి తీరు నఘము?
నీటిలోన మునిఁగి నిలిచి, కోపములోన
మునుఁగ నొల్లకున్న పుణ్యమబ్బు

నిర్వాహకుడు:
గణాలు, యతులు శుద్ధం. ధార కూడా ఉంది. కానీ దేనిలో మునగకూడదో మార్చేయడం అందరికీ ముందుగా తట్టే దారి. కోపం తీసి లోభం పెట్టినా పద్యం అలాగే నిలుస్తుంది. విరోధాన్ని స్నానవిధిలోంచే విప్పండి.

శ్రీకాళహస్తి సభ్యురాలు:

జ్వరము వచ్చినపుడు జలముఁ బ్రోక్షించుచు
మంత్రమును జపించి మనసు కడుగ
స్నానఫలము కలుగు, చలిలోన నదియందు
మునుఁగ నొల్లకున్న పుణ్యమబ్బు

చిత్తూరు సభ్యుడు:
అమ్మా, భావం బాగుంది. 'ఆపోహిష్ఠా' మొదలైన జలమంత్రాలతో ప్రోక్షించుకోవడం రోగికి స్నానమే. స్నా-చ సరసయతి (స, చ లాంటి అక్షరాలకు చెల్లే యతి), దోషం లేదు. చిక్కల్లా మూడో పాదంతో. 'ఫలము కలుగు' అన్నాక 'పుణ్యమబ్బు' పునరుక్తి. పైగా మీరు 'మునగకపోయినా' అన్న అర్థంలో వాడారు. రోగి మునగకపోవడమే ధర్మమని తిప్పితే రెండూ తీరతాయి:

శాస్త్రవిధి యటంచుఁ జల్లని నీటిలో

శా-జ యతి. ఇప్పుడు 'ఒల్లకున్న' నికరంగా షరతే అయింది.

కాణిపాకం సభ్యుడు:

గోవుధూళి, భస్మ, కురియు వానయు నెండ,
మట్టి, మంత్ర, మనన మార్గములును
ఆఱు గలవు, వాని నాచరింపుము, నీట
మునుఁగ నొల్లకున్న, పుణ్యమబ్బు

నిర్వాహకుడు:
ఎంత మంచి ఆలోచనండీ! స్నానాలు ఏడు: మాంత్రం, భౌమం, ఆగ్నేయం, వాయవ్యం, దివ్యం, వారుణం, మానసం. వీటిలో మునక ఉన్నది వారుణం ఒక్కటే. మట్టి పూసుకోవడం భౌమం, భస్మధారణ ఆగ్నేయం, గోధూళి సోకడం వాయవ్యం, విష్ణుస్మరణ మానసం. సమస్యలోని విరోధం దానంతట అదే కరిగిపోయింది. ఒక్క లోపం: 'వానయు నెండ' అంటే రెండుగా లెక్కకు వచ్చి మొత్తం ఏడవుతాయి. దివ్యస్నానానికి ఎండ కాస్తుండగా పడే వానే కావాలి. 'కురియు నెండను వాన' అని దిద్దండి. గణాలూ గో-కు యతీ చెడవు.

చిత్తూరు సభ్యుడు:

ఒంటిమురికి తొలుత నూరిబావినిఁ దీసి
దినకరునకు మ్రొక్కి తీర్థమందు
మూఁడుసార్లు మునుఁగు, మురికి యొడలితోడ
మునుఁగ నొల్లకున్న పుణ్యమబ్బు

నిర్వాహకుడు:
ఈ విడతలో మొదటి స్థానం దీనిదే. మలాపకర్షణం, అంటే ఒంటి మురికి వదిలించుకోవడం, బయట ముగించుకున్నాకే తీర్థంలో దిగాలి. సబ్బు, నూనె, షాంపూ సంగతి అక్కడితో సరి. ఈ క్రమం తప్పినందుకే ముక్కోటినాడు పుష్కరిణుల్లో నీళ్లు నురగ కడతాయి. వెనక వచ్చేవాళ్లు ఆ మురికిలో మునగాల్సి వస్తుంది. 'దినకరునకు మ్రొక్కి' కపిలతీర్థానికి సరిగ్గా అతికింది, కోనేటి నీళ్లలో సూర్యాభిముఖంగా మునగాలి కనుక. స్వర్ణముఖి లాంటి నదిలోనైతే ప్రవాహానికి ఎదురు తిరగాలి. బొడ్డులోతు నీళ్లలో నిలిచి సంకల్పం, తరువాత మునకలు, మునకలోనే 'ఋతం చ సత్యం చ' అనే అఘమర్షణం (పాపం పోగొట్టే మంత్రజపం), ఆపైన తర్పణం. ఇసుకపర్రగా ఉన్న ఏట్లో అంత లోతు దొరకదు, చెంబుతో పోసుకోవలసిందే.

తర్పణం కాకముందే తడిబట్ట పిండకూడదు. పిండేదీ గట్టు మీదే, నీళ్లలోకి కాదు. ఆ పిండిన నీళ్లు వంశంలో సంతానం లేక పోయినవారికి చెందుతాయని ధర్మశాస్త్రం. వచ్చే తేటగీతి సమస్య దాని మీదే, వ-ఫ యతి:

వస్త్రమును బిండఁ దర్పణఫలము దక్కు