ఎక్స్ దొరికాక ఏ సమీకరణంలో పెట్టాలి? నాలుగు జవాబులు రాస్తే సున్నానేనా?

నల్గొండ_ఎంపీసీ:
ఇంటర్ సెకండ్ ఇయర్. స్లిప్ టెస్టులో ఈ లెక్క ఇచ్చారు: ఎక్స్² + వై² = 25, వై = ఎక్స్ + 1. ప్రతిక్షేపణ పద్ధతిలోనే చేశాను. వై స్థానంలో ఎక్స్ + 1 రాసి సూక్ష్మీకరిస్తే ఎక్స్² + ఎక్స్ − 12 = 0. ఎక్స్ = 3, −4. వాటిని మొదటి సమీకరణంలో పెట్టాను. (3, 4), (3, −4), (−4, 3), (−4, −3) వచ్చాయి. సార్ సున్నా వేశారు. రెండు సమీకరణాలూ లెక్కలో ఇచ్చినవే కదా, దేంట్లో పెడితే ఏంటి?

మిర్యాలగూడ_అక్క:
సున్నా న్యాయమే. నీ మొదటి సమీకరణం గీస్తే వృత్తం, రెండోది సరళరేఖ. సరళరేఖ వృత్తాన్ని రెండు చోట్ల కంటే ఎక్కువ ఖండిస్తుందా? నాలుగు బిందువులు రాగానే అనుమానం రావద్దా తమ్ముడూ? (3, −4)ను రెండో సమీకరణంలో పెట్టి చూడు. −4 = 4 అంటావా?

జడ్చర్ల_డిగ్రీ:
దేంట్లో పెట్టినా ఒకటే అక్కా, మాకు అట్లనే చెప్పారు. చేను చుట్టుకొలత 100 మీటర్లు, వైశాల్యం 600 చదరపు మీటర్లు అనుకోండి. ఎక్స్ + వై = 50, ఎక్స్ × వై = 600. ఎక్స్ 20 లేదా 30. దేంట్లో పెట్టినా వై 30, 20 వస్తున్నాయి. మరి ఇక్కడ తేడా రాలేదేం?

దేవరకొండ_లెక్కల_టీచర్:
ఎందుకంటే మీ లెక్కలో వైకి వర్గం లేదు. 600ని 20తో భాగిస్తే ఒకటే జవాబు. వై = ఎక్స్² − 2ఎక్స్ లాంటి పరావలయమైనా ఇబ్బంది లేదు, ఒక ఎక్స్‌కి ఒకటే వై. వృత్తంలో వై² = 16 అని వస్తుంది, అక్కడ వై రెండు రకాలు.

అసలు సంగతి ఇది. వై = ఎక్స్ + 1 బదులు వై = −ఎక్స్ − 1 ఇచ్చినా వర్గం చేస్తే (ఎక్స్ + 1)²యే, మళ్లీ అదే ఎక్స్² + ఎక్స్ − 12 = 0. అంటే ఆ వర్గ సమీకరణానికి మనం ఏ రేఖతో మొదలుపెట్టామో తెలియదు. దాన్ని వృత్తంతో జత చేస్తే రెండు రేఖల బిందువులూ వచ్చి కూర్చుంటాయి. (3, −4), (−4, 3) రెండూ అడగని రేఖవి బాబూ. ఎక్స్ విలువల్ని రేఖ సమీకరణంలో పెడితే 3కి 4, −4కి −3, అంతే.

సున్నా మాత్రం నేను వేయను. ఎక్స్ విలువల దాకా చేసిన పని మొత్తం కరెక్టు.

మిర్యాలగూడ_అక్క:
ఎప్‌సెట్‌లో సగం మార్కులు ఇస్తారా సార్?

దేవరకొండ_లెక్కల_టీచర్:
ఇవ్వరు. అక్కడ స్టెప్పులు చూసేవాళ్లు ఉండరు. స్లిప్ టెస్టు పెట్టేదే స్టెప్పులు చూడటానికి.

నల్గొండ_ఎంపీసీ:
సార్, వృత్తంలోనే పెట్టి, నాలుగింటినీ రేఖలో సరిచూసి రెండు కొట్టేస్తే?

దేవరకొండ_లెక్కల_టీచర్:
ఫుల్ మార్కులు. ఎందుకు కొట్టేశావో ఒక లైను రాయాలి.

మిర్యాలగూడ_అక్క:
నేనైతే అప్పుడు కూడా అర మార్కు కట్ చేస్తా.