మాస్టర్స్ చేయాలా, సర్టిఫికెట్లు చాలా?

అయిదేళ్ల బ్యాకెండ్:
సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేయాలా, వరసగా సర్టిఫికెట్లు రాయాలా? నాలుగు నెలలుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అనుభవంతో చెప్పండి.

రాత్రి డ్యూటీ:
సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలు, ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవడమే. బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లని చూశాను. చాలా సర్వర్ల మీద ప్రోగ్రాముల్ని నడిపించే కుబర్నెటిస్‌కి సీకేఏ అనే పరీక్ష ఉంది, అందులో అలా కుదరదు. 2 గంటలు కమాండ్లు కొట్టే టెర్మినల్ ముందు కూర్చుని క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) పనులు చేసి చూపాలి. డాక్యుమెంటేషన్ చూసుకోనిస్తారు, అయినా చెయ్యి తిరక్కపోతే టైము చాలదు. నా ఓటు సీకేఏకే.

పేపర్ల పిచ్చి:
మా టీములో జరిగింది వినండి. కుబర్నెటిస్ తన డేటా దాచుకునే ఎట్‌సీడీకి నోడ్లు (సర్వర్లు) మూడుండేవి. ఇంకాస్త బలంగా ఉంటుందని ఒకతను నాలుగోది కలిపాడు. సీకేఏ పాసైనవాడే, కమాండ్లో తప్పేం లేదు. కానీ ఏది రాయాలన్నా సగానికి మించి నోడ్లు ఒప్పుకోవాలి, నాలుగింటికి ఆ మెజారిటీ మూడు. అంటే మునుపటిలాగే ఒక్కటి పడితేనే తట్టుకుంటుంది. ఓ రాత్రి రెండు పడ్డాయి, డేటా రాయడాలన్నీ ఆగిపోయాయి. అయిదుంటే నడిచేది! ఎట్‌సీడీ లోపల ఉన్నది రాఫ్ట్, అంటే నోడ్లన్నీ ఒకే మాట మీద ఉండేలా చూసే పద్ధతి; 2014లో స్టాన్‌ఫర్డ్‌లో డియేగో ఒంగారో పీహెచ్‌డీగా సమర్పించిన పని. అది తెలిసినవాళ్లు నాలుగోది పెట్టరు.

రాత్రి డ్యూటీ:
ఆ పేపరు ఉచితంగానే దొరుకుతుంది కదండీ. డిగ్రీ లేకుండానే చదివాను నేను.

పేపర్ల పిచ్చి:
చదివినప్పుడు నాకూ అంతా అర్థమైందనే అనిపించింది. మాస్టర్స్ అసైన్‌మెంట్‌లో రాఫ్ట్‌ని సొంతంగా రాస్తే, ఒక టర్మ్‌లో (ఒక ఎన్నిక కాలంలో) నోడ్ల ఓట్లతో ఒక్కటే లీడర్ కావాల్సింది, రెండు నోడ్లు లీడర్లై కూర్చున్నాయి. ఎవరికి ఓటేసిందో డిస్క్‌లో రాయించడం మరిచాను. రీస్టార్టైన నోడు రెండోసారి ఓటేసింది. అది పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఒంటరిగా అయితే మూడో రోజే వదిలేసేవాణ్ణి. గడువుంది, తప్పు చూపించేవాళ్లున్నారు, అందుకే పూర్తయింది. నేను ఫీజు కట్టింది దానికే.

రాత్రి డ్యూటీ:
అది ఒప్పుకుంటాను. ఒక్కటే మాట: డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా సర్వర్లు కలిసి పనిచేయడం) అనే ఆ ఒక్క సబ్జెక్టు కోసం మాస్టర్స్‌లో మిగతా తొమ్మిది సబ్జెక్టులూ చదవాలా? ఇంట్లో చిన్నపిల్లలుంటే వారాంతాలన్నీ దానికే పోతాయి. సీకేఏకి రెండేళ్లే చెల్లుబాటు, నిజమే. కానీ మూడు నెలల్లో చేతికొస్తుంది.

అయిదేళ్ల బ్యాకెండ్:
ఇద్దరికీ థాంక్సండీ. మా సర్వీసులో ఒకే చెల్లింపు మెసేజీ రెండుసార్లు నడుస్తోంది, ఆరు వారాలుగా కారణం దొరకలేదు. నన్ను ఆపుతున్నది కమాండ్లు రాకపోవడం కాదు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఒక్కటే విడిగా, అసైన్‌మెంట్లతో సహా తీసుకోనిస్తారేమో రేపే కనుక్కుంటాను.