రక్షణ ఉత్తర్వు ఉన్నా బావ రాత్రిళ్లు వస్తున్నాడు, పోలీసులు అదుపులోకి తీసుకోవడం లేదు

మా అక్క పిల్లలతో తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటోంది. నేను చిత్తూరులో ఉంటాను. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు బావ మీద మధ్యంతర రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. ఇంటికి రాకూడదు, ఫోన్ కూడా చేయకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. కాపీ తీసుకుని ఆయన సంతకం కూడా పెట్టాడు.

అయినా పోయిన శనివారం రాత్రి పదకొండున్నరకు తాగొచ్చి తలుపు బాదాడు, కిటికీ అద్దం పగలగొట్టాడు. అక్క 112కు ఫోన్ చేసింది. పోలీసులు త్వరగానే వచ్చారు, కాదనను. కానీ ఆర్డరు చూపించినా మొగుడూ పెళ్లాల గొడవని మందలించి పంపేశారు. మూడింటికి మళ్లీ వచ్చాడు. పిల్లలు ఇప్పటికీ చప్పుడైతే ఉలిక్కిపడుతున్నారు.

స్టేషన్‌లో అర్జీ ఇస్తే రసీదు ఇచ్చారు, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసు కాబట్టి నోటీసు ఇచ్చి పంపడమే, అరెస్టు కుదరదంటున్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే గృహహింస కేసులు చూసే రక్షణ అధికారిని కలవమన్నారు. ఆమె కోర్టుకు రిపోర్టు రాస్తానన్నారు. మంచిదే, కానీ ఈలోపు రాత్రిపూట వస్తే ఎవరు దిక్కు?

నేను చదివినంతలో ఉత్తర్వు ఉల్లంఘిస్తే 2005 గృహహింస చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు. సెక్షన్ 32 ప్రకారం వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు, అది నాన్ బెయిలబుల్. నేరం జరగకుండా ఆపడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 170 కింద 24 గంటల వరకు అదుపులో ఉంచొచ్చు. ఈ మాటే చెబితే స్టేషన్‌లో పట్టించుకోలేదు.

ఇలాంటి కేసులు చూసిన లాయర్లు, పోలీసు శాఖలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి: ఆయన మళ్లీ వస్తే ఆ రాత్రికే అదుపులోకి తీసుకునేలా, ఏ సెక్షన్ కింద, ఏమని రాసి, ఎవరికి ఇవ్వాలి?