పత్రాల నిర్వహణకు, ఆమోదాల వర్క్‌ఫ్లోకు ఏ సాఫ్ట్‌వేర్ తగినది?

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న ఆడిటింగ్ కార్యాలయం. ఖాతాదారుల ఇన్‌వాయిస్‌లను, తెలుగు దస్తావేజులను స్కాన్ చేసి భద్రపరచడానికి, ఒక్కో ఫైలు గుమాస్తా నుంచి భాగస్వామి ఆమోదం వరకు దానంతట అదే కదలడానికి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలో అనుభవజ్ఞులు సూచించగలరు.

జవాబు 1: భద్రపరచడం, వెతకడమే ముఖ్యమైతే పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ చాలు. అది ఉచితం, సొంత సర్వర్‌లో నడుస్తుంది. అక్షరాలను గుర్తించడానికి అది వాడే టెసరాక్ట్‌కు తెలుగు కూడా వచ్చు; అయితే తెలుగు ప్యాకేజీని విడిగా చేర్చాలి. చేతిరాత దస్తావేజుల విషయంలో మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

జవాబు 2: పై సూచన బాగున్నదే గానీ, అందులోని వర్క్‌ఫ్లో ప్రధానంగా ట్యాగులు (పత్రాన్ని వర్గీకరించే గుర్తింపు పదాలు) తగిలించడం, అనుమతులు మార్చడం వంటి పనులకే ఉద్దేశించినది, పైవారు తిరస్కరిస్తే ఫైలు వెనక్కి వెళ్లే అంచెలవారీ ఆమోదం కావాలంటే ఆల్‌ఫ్రెస్కో కమ్యూనిటీ వంటి పత్రాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ చూడాలి. దాన్ని నిలబెట్టడానికి సర్వర్ పని బాగా తెలిసిన మనిషి అవసరం, ఆ జీతాన్ని కూడా ఖర్చులో లెక్క వేసుకోండి.

జవాబు 3: జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పత్రాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి; ఆలోగా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి రావచ్చు కనుక, ఏది ఎంచుకున్నా పత్రాలన్నింటినీ ట్యాగులతో సహా బయటకు తీసుకునే వీలుందో లేదో ముందే పరీక్షించండి.