సెన్సర్ ముందు గ్లాసు తీశాక దూరం ఫోకస్ పోయింది

బీచ్‌రోడ్ క్లిక్: అన్నలూ, ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) ఫొటోల కోసం కెనన్ 600డి కెమెరాలో సెన్సర్ ముందున్న రెండు గ్లాసులూ తీశాను, బదులు ఏమీ పెట్టలేదు. 18-55 లెన్స్‌తో ఆర్కే బీచ్ ఇసుక రేణువులు షార్పుగా వస్తున్నాయి. సముద్రంలో లంగరేసిన ఓడలు మాత్రం రింగు ఎంత తిప్పినా మసకే. లెన్స్ పోయిందా? మైక్రోస్కోప్ స్లైడు కోసి పెట్టొచ్చా?

గాజుపలక: లెన్స్‌కేం కాలేదు. గాజు ఉన్నప్పుడు దాని మందంలో దాదాపు మూడో వంతు ఫోకస్ వెనక్కి జరిగి సెన్సర్ మీద పడేది. ఇప్పుడు సెన్సర్‌కి ముందే పడుతోంది. వక్రీభవన గుణకం 1.52 ఉన్న గాజు 2 మి.మీ. తీస్తే తేడా 0.68 మి.మీ. చిన్న తేడా కాదు. తీసిన గ్లాసులు పారేయలేదు కదా? వెర్నియర్‌తో రెండూ కొలిచి, మొత్తం అంత మందం గాజు పెట్టండి. సెన్సర్‌నే స్క్రూలతో ముందుకు జరపొచ్చు గానీ, మూలలు సమానంగా రాకపోతే ఫొటోలో ఒక పక్క ఎప్పుడూ మసకే. స్లైడు సుమారు 1 మి.మీ. ఉంటుంది. ట్రయల్‌కి సరే. దానికి పూత ఉండదు, ఎదురెండలో ప్రతిబింబాలు పడతాయి.

720 నానో: ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే కావాలంటే లోపలే 720 ఎన్ఎం (నానోమీటర్ల) గాజు, అంటే మామూలు వెలుగుని ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలే ఫిల్టర్, పెట్టేయండి, వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మామూలుగా కనిపిస్తుంది. క్లియర్ గాజు పెడితే ఆ ఫిల్టర్ లెన్స్ ముందు తగిలించాలి, అప్పుడు వ్యూఫైండర్ చీకటే. ఏది పెట్టినా ఫోకస్ లైవ్ వ్యూలోనే (వెనక తెర మీద చూస్తూ). వ్యూఫైండర్ ఆటోఫోకస్ సెన్సర్ వేరు, మీరు మార్చిన గాజు సంగతి దానికి తెలీదు. 600డిలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఆటోఫోకస్ తేడాని మెనూలో సరిదిద్దే సదుపాయం) కూడా లేదు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ) ఎండలో పచ్చగడ్డి మీద కస్టమ్‌గా తీసుకోండి.

స్క్రూడ్రైవర్ మావ: మళ్లీ విప్పేముందు ఒక మాట. బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) బిట్టు వాడండి, ఫిలిప్స్ అయితే తల అరిగిపోతుంది. మన సముద్రపు గాలికి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి పని చెయ్యాలి. దుమ్ముకి బ్లోయరే, నోటితో ఊదితే తుంపర పడుతుంది. బిగించాక ఎఫ్/22లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) ఖాళీ ఆకాశం తీసి చూడండి. నల్ల చుక్కలుంటే మళ్లీ విప్పాల్సిందే. అందుకే కాగితం మీద కెమెరా బొమ్మ గీసి, ఏ రంధ్రం స్క్రూని అక్కడే టేపుతో అంటించుకోండి.